స్పెల్లింగ్ బీ అర్థాల రౌండ్‌కి ప్రిపరేషన్: ‘కిల్టీ’ని ఇలా చదవండి

అమెరికా పిల్లల స్పెల్లింగ్ పోటీ స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీలో 2021 నుంచి అర్థాల ప్రశ్నలు స్టేజీ మీదే అడుగుతున్నారు. అక్షరాలు నోటికొచ్చినా సరిపోదు. ఒక మాటకి పొంతన లేనట్టుండే రెండర్థాలు ఉన్నప్పుడు ఎలా చదవాలో చూడ్డానికి ‘కిల్టీ’ మంచి ఉదాహరణ.

అర్థాలు బట్టీ పట్టకముందు వేరు చూడండి. కిల్ట్ అనగానే స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టుకునే గళ్ళ బట్ట గుర్తొస్తుంది కానీ, ఆ మాట మొదట క్రియ. కట్టిన బట్టని పైకెత్తి దోపుకోవడం అని. నాట్లకి మడిలో దిగేముందు ఆడవాళ్ళు చీర ఎగదోపుకుంటారే, సరిగ్గా అదే. నిలువు మడతలు పెట్టడం కూడా కిల్ట్ చెయ్యడమే. నిండు కిల్ట్‌కి 8 గజాల దాకా ఉన్ని బట్ట పడుతుంది, మన చీర కంటే ఎక్కువ! కుచ్చిళ్ళన్నీ వెనక్కే, ముందుభాగం చదును.

కిల్ట్ అనే మాట చివర స్కాట్స్ వాళ్ళ ముద్దు ప్రత్యయం ‘ఈ’ (అబ్బాయిని లాడీ, అమ్మాయిని లాసీ అంటారే, అందులో ఉన్నదే) చేరితే కిల్టీ: కిల్ట్ కట్టినవాడు, ముఖ్యంగా హైలాండ్ (స్కాట్లాండ్ కొండసీమ) రెజిమెంట్ సైనికుడు. రెండో అర్థం బూటుది. తోలు నాలుకని (లేసుల కింద ఉండే పట్టీని) పొడుగ్గా ఉంచి, చివర పీలికలుగా కోసి, లేసుల మీదుగా ముందుకి మడుస్తారు. ఆ పీలికల వరస కుచ్చిళ్ళలా కనిపిస్తుంది. పాతకాలపు గోల్ఫ్ బూట్లలో ఎక్కువ. లేసుల్లోకి బురద, గడ్డి దూరకుండా కాపు. ఆ నాలుకనీ కిల్టీ అంటారు, అది ఉన్న బూటునీ అంటారు.

తప్పులు ఎక్కువగా పక్క మాటల దగ్గర జరుగుతాయి. టాసెల్ అంటే వేలాడే ఒక్క కుచ్చు, పీలికల వరస కాదు. బ్రోగ్ తోలు మీద చిల్లుల డిజైన్ ఉన్న బూటు. ఐరిష్ యాస అని ఇంకో అర్థం. గిల్లీ బూటుకైతే అసలు నాలుకే ఉండదు, కిల్టీకి నాలుకే ప్రాణం. గిల్లీ అంటే వేటకో చేపలకో వెళ్ళే దొర వెంట ఉండే సేవకుడు కూడా. ‘ఆఫ్ కిల్టర్’ (సరిగ్గా పనిచెయ్యని) అనే మాటలోని కిల్టర్‌కి కిల్ట్‌తో తెలిసిన చుట్టరికం లేదు.

భాషామూలం దగ్గర ఇంకో గుంట ఉంది. స్కాట్లాండ్ మాట కదా అని గేలిక్ (అక్కడి పాత భాష) అనేస్తారు. స్పోరన్ (కిల్ట్ ముందు వేలాడే సంచి), గిల్లీ గేలిక్ నుంచి వచ్చినవే. కిల్ట్ మాత్రం స్కాండినేవియన్ వైపుది. గేలిక్‌లో కిల్ట్‌ని ఫేలెగ్ అంటారు.

స్పెల్లింగ్‌లో చివర ‘ఐ-ఇ’ రాసినా ‘వై’ రాసినా డిక్షనరీలో ఉన్నవే. బహువచనం రెంటికీ ఒకటే, ‘ఐ-ఇ-ఎస్’.

నోట్‌బుక్‌లో ఈ మాటకి నిర్వచనం ఒక్క లైను చాలు. మిగతా జాగాలో మూడు బూట్లు గీయండి: పీలికల నాలుకతో ఒకటి, చిల్లులతో ఒకటి, నాలుక లేకుండా ఒకటి. వారం తర్వాత పేర్లు మూసేసి, బొమ్మ చూసి పేరు, మూలభాష, రెండో అర్థం చెప్పండి. రెండో అర్థం దగ్గర ఆగిపోతే ఆ మాటని మళ్ళీ మొదటి నుంచి చదవాల్సిన మాటల కట్టలో వేయండి.