అంగి చేతి మీది రాత

అంగి ముందు భాగం మీద అచ్చు వేయడం ఎవరికైనా పది రోజుల్లో పట్టుబడుతుంది. అదే అంగి పొడుగు చేతి మీద వేయడానికి నాకు ఏడాది పట్టింది. షార్జాలో నేను చేరిన ప్రింటింగ్ షాపులో కొత్తవాళ్ళను చేతుల బోర్డు దగ్గరికి రానిచ్చేవాళ్ళే కాదు. అక్కడ పెషావర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిలబడేవాడు. ఉస్తాద్ అనేవాళ్ళం. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, ముందు సిరా కలపడం నేర్చుకో పో అన్నాడు. నాకు లోపల నవ్వొచ్చింది. ఆరేళ్ళు స్క్రీన్ పట్టుకున్న చేతులు నావి, నాకు సిరా కలపడం నేర్పుతాడా అని.

నాది వరంగల్ కొత్తవాడ. మా తాత ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది. అది మూతబడ్డాక మా ఇంట్లో మిగిలింది నాన్న మగ్గం ఒక్కటే. జంపఖానాలు నేసేవాడు, ఇప్పుడందరూ దర్రీలంటున్నవి. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ అప్పటికి నాన్నకు మగ్గం మీద కూర్చునే నడుము లేదు. మా ఉత్తర తెలంగాణలో ఒక మాటుంది: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. బతకాలంటే ఈ మూడింట్లో ఒక దారి పట్టాలని. మా పద్మశాలీలకైతే దానికి సూరత్, భీవండి కూడా కలుపుకోవాలి. మా చిన్నాయన భీవండి పోయాడు. నేను దుబాయి అన్నాను. నిజానికి దిగింది షార్జాలో. ఊళ్ళోవాళ్ళకు గల్ఫ్‌లో ఏ మూలైనా దుబాయే.

పోకముందు హన్మకొండలో ఒక చిన్న షాపులో పెళ్ళి పత్రికలకు, ఎలక్షన్ల గుడ్డ బ్యానర్లకు స్క్రీన్ కొట్టేవాణ్ణి. అక్కడ లైటు డబ్బా లాంటివేమీ లేవు. స్క్రీన్ చట్రానికి బిగించిన జాలీ గుడ్డకు, అదే మెష్‌కు, బైక్రోమేట్ కలిపిన మందు పూసి, చీకటి గదిలో ఆరబెట్టి, మీద ఫిల్ము, అద్దం పెట్టి డాబా మీదికి పట్టుకుపోయి ఎండకు చూపించడమే. ఎండ తగిలినచోట మందు గట్టిపడుతుంది. ఫిల్ములోని నలుపు నీడ పడ్డచోట మెత్తగా ఉండిపోతుంది, నీళ్ళు కొడితే కడుక్కుపోతుంది. ఆ తెరుచుకున్న దారిలోంచే రంగు దిగుతుంది. ఎండాకాలం ఎంత దాకా లెక్కపెట్టాలో, చలికాలం ఎంతో మాకు నోటికి వచ్చు. వానాకాలం మబ్బు పట్టిందంటే ఆ రోజు పత్రికలు లేవన్నట్టే. ముహూర్తం దగ్గరపడ్డవాళ్ళు వచ్చి గొడవ పెట్టుకునేవాళ్ళు.

షార్జాలో అంతా గదిలోనే. బయట ఎవరికీ అక్కరలేనంత ఎండ ఉండగా, లోపల ట్యూబులైట్ల డబ్బాలో స్క్రీన్ కాల్చడం నాకు చాలా రోజులు వింతగా తోచింది. పత్రికలకు వాడే మెష్‌కూ అంగీల మెష్‌కూ పోలికే లేదు. కాగితానికి సెంటీమీటరుకు 120 పోగుల మెష్ వాడేవాళ్ళం, అంగీలకు 43 పోగులది. ఫోన్లో నాన్నకు చెబితే, "గంత పలసగనా? గది జల్లెడ గదరా" అన్నాడు. జల్లెడే. గుడ్డ సిరాను తాగేస్తుంది కాబట్టి అంత దొడ్డుగా దించాలి. ఉస్తాద్ ఎందుకు సిరా కలపమన్నాడో నెలకు అర్థమైంది. ఇక్కడి సిరా ప్లాస్టిసాల్, ఒకరకం ప్లాస్టిక్ సిరా. గాలికి ఆరదు. మూత తీసి రాత్రంతా వదిలేసినా తెల్లారి అట్లాగే ఉంటుంది. 160 డిగ్రీల దాకా వేడెక్కితేనే గట్టిపడుతుంది, అదీ పైపొర ఒక్కటే కాదు, అడుగు దాకా. సరిగ్గా ఉడకని అచ్చు చూడ్డానికి బాగానే ఉంటుంది. గుంజి చూస్తే బీటలు వారుతుంది. ఉతికితే పొలుసుల్లా రాలిపోతుంది. అందుకే వందకొకటి తీసి రెండు చేతులా పట్టి గుంజేవాళ్ళం. ఇప్పటికీ నా ముందు ఎవరైనా బొమ్మల అంగి వేసుకొస్తే చెయ్యి దాని మీదికి పోబోతుంది.

మా షాపుకు వచ్చే పనిలో సగం కూలీల అంగీలే. కన్‌స్ట్రక్షన్ కంపెనీలు, క్లీనింగ్ కంపెనీలు, తోటపని కంపెనీలు. అన్నీ పొడుగు చేతులవే. అక్కడ ఎండలో సగం చేతుల అంగితో ఎవరూ నిలబడలేరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయటి పని చేయించకూడదని రూల్ ఉంది. అది బయటివాళ్ళకు. సిరాను ఉడికించే డ్రయ్యర్ పక్కన నిలబడే మేము కప్పు కింద ఉంటాం కదా, మాకు వర్తించదు.

ఇక చేతి సంగతి. ఎడమ రొమ్ము మీద చిన్న లోగో, వీపు మీద కంపెనీ పేరు, కుడి చేతి మీద భుజం నుంచి కిందికి ఇంగ్లీషులో సేఫ్టీ మాట, ఎడమ చేతి మీద అదే అరబ్బీలో. ఒక అంగి నాలుగుసార్లు బోర్డెక్కాలి, నాలుగుసార్లు డ్రయ్యర్‌లోకి పోవాలి. 500 అంగీల ఆర్డరంటే చెప్పుకోవడానికే 500, మా భుజాలకు 2,000. చేతుల బోర్డు వెడల్పు జానెడు కూడా ఉండదు. గుడ్డ కదలకుండా దాని మీద జిగురు కొట్టి, అంగి చేతిని తొడిగి, కుట్టు పక్కకు పోయేలా సర్దాలి. కుట్టు బోర్డు మీదికి వచ్చిందా, స్క్రీన్ అక్కడ లేస్తుంది, సిరా కుట్టు పక్కన కుప్ప పడుతుంది. మిగతా అంగి బరువంతా బోర్డు కింద వేలాడుతూ చేతిని గుంజుతుంటుంది, రాత వంకర పోతుంది. అంగీల సైజు మారితే భుజం నుంచి దూరం మారుతుంది. తొందరలో మణికట్టు వైపు నుంచి తొడిగితే రాత తలకిందులు. మెషీన్ మంచిదైతే చేతి పని తేలిక అంటారు చాలామంది. నా లెక్కలో ఇందులో మెషీన్ పాత్ర తక్కువ. తొడిగే చెయ్యే అసలు.

ఉస్తాద్ లీవు మీద ఊరికి పోయినప్పుడు మొదటిసారి బోర్డు నాకు వచ్చింది. ఆ పూటే అరబ్బీ ఫిల్మును బోర్లా పెట్టి స్క్రీన్ కాల్చాను. ఇంగ్లీషయితే అద్దంలో చూసినట్టుందని నాకే తెలిసిపోయేది. అరబ్బీ నాకు రెండు వైపులా ఒకటే. 30 అంగీలు అయ్యాక చాయ్ తెచ్చే కుర్రాడు చూసి ట్రే కింద పెట్టి పడీపడీ నవ్వాడు. అప్పటి నుంచి ఏ అరబ్బీ స్క్రీన్ కాల్చినా ముందు కాగితం మీద ఒకటి కొట్టి వాడికి చూపించేవాణ్ణి. వాడు తల ఊపితేనే బోర్డు ఎక్కించేది.

అది నవ్వుతో పోయింది. ఎర్ర అంగీలది పోలేదు. ఒక కంపెనీ పాలిస్టర్ ఎర్ర అంగీలు తెచ్చి, చేతుల మీద, వీపు మీద తెల్ల అక్షరాలు కావాలన్నది. కొట్టాం. పాలలా తెల్లగా వచ్చాయి. పెట్టెల్లో సర్ది పంపాం. ఐదో రోజు అంగీలన్నీ తిరిగొచ్చాయి. తెల్ల అక్షరాలు గులాబీ అయిపోయాయి. నేనేదో ఎర్ర సిరా మరక కలిపానని ముదీర్, అంటే మా మేనేజర్, నా మీద విరుచుకుపడ్డాడు. నా జీతంలో పట్టుకుంటామన్నారు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, చెప్పొద్దనుకుంటూనే నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎరుపు ఊకుండదు బిడ్డా. పక్కన తెలుపుంటే ముట్టుకుంటది. మేము నూలుకు రంగేసినప్పుడు ఎర్రదాన్ని వేరే దండెం మీద ఆరేస్తుంటిమి, యాదికి లేదా?" అన్నాడు.

ఆయన చెప్పింది నూలు సంగతి, నాది పాలిస్టర్. కానీ ఆ మాటే దారి చూపించింది. మర్నాడు సిరా అమ్మే సేల్స్‌మన్‌ను పట్టుకుని అడిగితే విషయం తేలింది. పాలిస్టర్‌కు వేసే రంగు వేడి ఎక్కువైతే ఆవిరిలా లేస్తుంది, పైనున్న ప్లాస్టిసాల్‌లోకి మెల్లగా ఎక్కుతుంది. అప్పటికప్పుడు కనిపించకపోవచ్చు. వేడి వేడిగా పెట్టెలో కుక్కితే నాలుగు రోజులకు బయటపడుతుంది. దానికి రంగు ఎక్కనివ్వని సిరాలు వేరే ఉంటాయి, తక్కువ వేడికే ఉడికేవీ ఉంటాయి, కింద ముదురు బూడిద రంగు పొర ఒకటి వేసి దాని మీద తెలుపు వేసే పద్ధతీ ఉంది. ఇదంతా నాకు తెలియాలా, ఆర్డర్ తీసుకున్నవాళ్ళకు తెలియాలా అని ఇప్పటికీ అనుకుంటాను. రెండు నెలల జీతంలో కోత మాత్రం పడింది. చెప్పి లాభం లేదు, అక్కడ నోటి లెక్కలే.

క్యాంపులో మా రూములో ఎనిమిది మందిమి. నా కింది మంచం మీద జగిత్యాల వైపు అన్న ఒకాయన ఉండేవాడు, సెంట్రింగ్ పని. వేములవాడ రాజన్న పటం ఆ మంచం తలాపునే ఉండేది. ఒకనాడు డ్యూటీ దిగి వచ్చి అంగి విప్పుతుంటే చూశాను. తిరగేసి తొడుక్కున్నాడు, కుట్లు బయటికి. హడావిడిలో వేసుకున్నాడేమో అనుకుని, "అన్నా, అంగి ఉల్టా వేసుకున్నవ్" అన్నాను. "తెలిసే ఏసుకున్న తమ్మీ. సీదగ ఏసుకుంటే సూపర్‌వైజర్ ఊకుంటడు గని ఈపు ఊకోదు" అన్నాడు. వెనక్కి తిరిగి చూపించాడు. వీపు మధ్యలో నలుచదరంగా, అచ్చం కంపెనీ డబ్బా కొలతకు, చెమటపొక్కులు.

ఆ అంగి మాదే. నేను కొట్టిందే. కంపెనీవాళ్ళు పేరు చుట్టూ నిండు పచ్చ రంగు డబ్బా అడిగితే, మూరెడు వెడల్పున రెండు పొరలు సిరా పోశాం. నున్నగా వచ్చిందని నేనే మెచ్చుకున్నాను. "బొమ్మ అంటరు గని, ఇది ఈపుకు కవరు అతికించినట్టే. గాలి పోదు. తిరగేస్తే ఒంటికి గుడ్డ తగులుతది, జరంత నయం" అన్నాడు అన్న. తిరగేసినా సిరా పొర ఎక్కడికీ పోదు, నిజమే. కానీ ఎండలో ఉన్నది ఆయన, చల్లటి నీడలో నిలబడి భౌతికశాస్త్రం చెప్పడానికి నాకు నోరు రాలేదు. చేతుల మీది అక్షరాల గురించి కూడా అడిగాను. "చేతులది ఏం లేదు తమ్మీ, సన్నగ ఉన్నది. అంగి చేతితోటి తుడుచుకుంటున్నప్పుడు మొఖానికి గీరుకుంటది, గంతే" అన్నాడు. కూలిపని చేసేవాడు మొహం తుడుచుకునేది అంగి చేతితోనే అని అప్పటిదాకా నాకు తట్టలేదు. మేం సరిగ్గా అక్కడే అచ్చు వేస్తున్నాం.

ముదీర్‌కు చెప్పి చూశాను. డబ్బా తీసేసి ఉత్త అక్షరాలు వేద్దామని, లేదంటే డబ్బాలో చుక్కలు చుక్కలుగా ఖాళీ వదులుదామని. సిరా కూడా మిగులుతుందని ఆశ పెట్టాను. కస్టమర్ అడిగింది కొట్టు అన్నాడు. చేతుల అచ్చును మాత్రం నాలుగు వేళ్ళు పైకి జరిపాను. సైజుల తేడాలో ఎవరూ గమనించలేదు.

2019లో వచ్చేశాను. ఆ కార్తీకంలో పరకాల దగ్గర మా అక్క వాళ్ళ ఊరికి పోతే పత్తి ఏరుతున్నారు. మా దగ్గర పత్తి చేలో ఆడవాళ్ళంతా చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల అంగి తొడుక్కుంటారు. పత్తికాయ తొడిమలు గీరుకోకుండా, ఎండ కొట్టకుండా. ఆ అంగీల్లో సగం గల్ఫ్‌వి. ఒక్క చెలకలో నాలుగు కంపెనీల పేర్లు చదివాను: షార్జా, అబుదాబి, మస్కట్, దోహా. ఒకావిడ అంగి చేతి మీద తెల్ల అక్షరాలు చూసి ఆగలేక దగ్గరికి పోయాను. అక్షరాలు బీటలు వారి ఉన్నాయి. నా పని కాదు, ఎవరో సరిగ్గా ఉడికించలేదు. "ఏంది తమ్మీ గట్ల చూస్తున్నవ్?" అందావిడ. నేను అక్కడ ఇవే అచ్చు వేసేవాణ్ణని చెప్పాను.

"నువ్వేనా?" అని నడుం నిలబెట్టింది. "గీ ఈపు మీది డబ్బా తీసే మందు ఏమన్న ఉంటదా? మా ఆయన పంపిండని ఏసుకుంటున్న. లోపట ఉడుకుతది." ఊడగొట్టే మందులు ఉంటాయి కానీ ఘాటైనవి, చర్మానికి మంచివి కావు, గుడ్డా పాడవుతుంది. ఆ మాటే చెప్పాను. "అయితే మా ఆయననే తిట్టుకుంట" అని మళ్ళీ ఒళ్ళో పత్తి నింపుకోసాగింది.

ఇప్పుడు నాకు హన్మకొండలో ఒక చిన్న గది, రెండు బోర్డులు, ఒక హీట్ ప్రెస్ ఉన్నాయి. స్కూళ్ళ కబడ్డీ బనియన్లు, యువజన సంఘాల వాళ్ళవి, జాతరప్పుడు వాలంటీర్లవి. పోయిన నెల ఒక ఎరువుల షాపాయన రైతులకు పంచడానికి 200 పొడుగు చేతుల అంగీలు కావాలని వచ్చాడు. వీపు నిండా పచ్చ డబ్బా, మధ్యలో షాపు పేరు, ఫోన్ నంబరు. వేయనన్నాను. అక్షరాలు పెద్దగా వేస్తాను, డబ్బా వద్దన్నాను. "డబ్బా ఉంటెనే దూరానికి కొడ్తది అన్నా" అంటాడు. ఒక పని చేయమన్నాను: శాంపిల్ ఒకటి డబ్బాతో కొట్టి ఉచితంగా ఇస్తాను, ఒక్క పూట దాన్ని వేసుకుని ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల దగ్గర తిరిగి రా, తర్వాత మాట్లాడదాం అని. అంగి తీసుకుపోయాడు. ఇంకా రాలేదు.