రోటర్‌డామ్‌లో 111 మీటర్ల చుట్టు

షార్ట్ ట్రాక్ స్కేటింగ్, అంటే బ్లేడుల బూట్లతో ఐస్ మీద చిన్న చుట్టులో గుంపుగా సాగే పందెం, చూడ్డానికి రోటర్‌డామ్ వెళ్లాం. అక్కడి సెంట్రల్ స్టేషన్ కిందే మెట్రో ఉంది. డి లైనో ఇ లైనో ఎక్కితే ఏడో స్టాపు జౌట్‌ప్లైన్. టికెట్ కొనక్కర్లేదు, బ్యాంకు కార్డునే గేటు దగ్గర ఆనిస్తే చాలు. దిగేటప్పుడు మళ్లీ ఆనించడం మరిచిపోతే మాత్రం మామూలు చార్జీ కంటే ఎక్కువే పోతుంది. నెదర్లాండ్స్‌లో మొట్టమొదటి మెట్రో ఇదే, 1968లో సరిగ్గా ఈ రెండు స్టేషన్ల మధ్యే మొదలైంది. మాస్ నది కింద సొరంగంలో దూరి, అవతలి ఒడ్డున పైకి లేచి, వంతెన మీదుగా జౌట్‌ప్లైన్ చేరుతుంది. అక్కణ్నుంచి అహోయ్ అరీనా నడిచిపోయే దూరం. 2024 మార్చి 15, 16, 17 తేదీల్లో ప్రపంచ షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ పోటీలు జరిగింది అక్కడే.

అహోయ్‌లో ఏడాది పొడవునా ఉండే ఐస్ లేదు. అంతకు నెల ముందు, ఫిబ్రవరిలో, అక్కడ టెన్నిస్ ఆడారు. ఇలాంటి హాళ్లలో నేల మీద చల్లటి ద్రవం పారే గొట్టాలు పరిచి, వాటి మీద నీళ్లు పలుచగా చల్లి, గడ్డకట్టాక మళ్లీ చల్లి, పొర మీద పొరగా ఐస్ కడతారు. ఒక్కసారే మందంగా పోస్తే లోపల గాలి చిక్కుకుని పెళుసుబారుతుంది. మరీ చల్లబడినా చిక్కే, బ్లేడు దిగిన చోట పెచ్చులు లేస్తాయి. చలి చాలకపోతే మెత్తబడి గాడి పడుతుంది. ఎటు తేడా వచ్చినా ఆటగాడు పడేది మలుపు దగ్గరే.

కూర్చునే చోటు గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ముగింపు గీత ఎదురుగా సీటు దొరికిందని సంబరపడేవాళ్లు చాలామంది. మా ఓటు మాత్రం మలుపు నుంచి బయటికొచ్చే చోటుకే, కింది నాలుగైదు వరుసలు వదిలేసి పైన. కింద కూర్చుంటే గోడ వెంబడి నిలబెట్టిన మెత్తలు సగం ఐస్‌ను కప్పేస్తాయి. మార్చిలో బయట వాన, లోపల ఐస్ చలి. స్వెటర్ మీద జాకెట్ ఉండాల్సిందే.

ఐస్ కొలత 60 మీటర్లు, 30 మీటర్లు. అందులో గీసిన చుట్టు 111.12 మీటర్లు. తిన్నగా ఉండే భాగం ఒక్కోటి 28.85 మీటర్లు, మలుపు వ్యాసార్ధం 8 మీటర్లు. నేల మీద ట్రాక్ గీత కనిపించదు. ఒక్కో మలుపుకు ఏడేసి నల్లటి రబ్బరు దిమ్మలు పెడతారు, అవే హద్దు. బ్లేడు దిమ్మకు బయటి పక్కనే ఉండాలి, చెయ్యి మాత్రం లోపలికి వెళ్లొచ్చు. ఎవరి చేయో తగిలి దిమ్మ జారిపోతే, మలుపు దగ్గర నిలబడ్డ సిబ్బంది స్కేటర్ల గుంపు తిరిగొచ్చేలోగా దాన్ని దాని చుక్క మీదికి తోసేస్తారు. ఆ గుంపు తిరిగిరావడానికి పట్టేది తొమ్మిది పది సెకన్లే.

అదే చుట్టును ఒక్కో మీటరు చొప్పున అటో ఇటో జరిపి మొత్తం ఐదు ట్రాకులు వాడతారు, ఒకే చోట ఐస్ అరిగిపోకుండా. రేసు అయ్యాక మలుపుల దగ్గర బకెట్లతో నీళ్లు పోస్తారు. చూసేవాళ్లకు అది విరామం. ఆ నీళ్లే చీలికల్లోకి దిగి గడ్డకట్టి తర్వాతి రేసుకు పట్టునిస్తాయి. మూడు రోజులూ మేం ఎక్కువగా కళ్లప్పగించి చూసింది ఈ బకెట్ల వాళ్లనే.

హైదరాబాద్ ఇందిరా పార్కులోనో విశాఖ వుడా పార్కులోనో చక్రాల స్కేటింగ్ చూసినవాళ్లకు ఒంగిన నడుమూ ఊగే చేతులూ పరిచయమే. తేడా అంతా పాదం కింద ఉంది. ఇక్కడి బూటు కార్బన్ ఫైబర్‌తో ఆ పాదం అచ్చుకే పోసింది, చీలమండ కదలదు. దాని కింది బ్లేడు మధ్యలో ఉండదు, కాస్త ఎడమకు జరిపి బిగిస్తారు. పైగా బ్లేడును ఎడమ వైపుకే, మలుపు తిరిగే దిక్కుకే, వంచుతారు. పరుగంతా అపసవ్య దిశలో కాబట్టి ఈ ఏర్పాటు. బ్లేడు మధ్య నుంచి ఎడమకు జరగకపోతే, బాగా వాలినప్పుడు బూటు పక్క ఐస్‌కు తగిలి, బ్లేడు లేచి మనిషి జారిపోతాడు.

రెండు బ్లేడులనూ తలకిందులుగా చట్రంలో బిగించి, వాటి మీద రాయిని పొడవునా నెట్టి పదును పెడతారు. చివర పక్కలకు లేచిన సన్నటి ఇనుప పొరుసును చిన్న రాయితో తీసేయాలి. అది మిగిలితే అంచు పట్టినట్టే పట్టి వదిలేస్తుంది. రేసులో ఇద్దరి బ్లేడులు రాసుకుంటే అంచు పాడవుతుంది, ఆ తర్వాతి మలుపులోనే ఎవరూ తాకకుండా మనిషి పడిపోతాడు. ‘వాడంతట వాడే పడ్డాడు’ అని మనం అనుకునేవాటిలో కొన్ని ఇవి. ఎడమ చేతి గ్లవ్ వేళ్ల కొసలకు గట్టి తొడుగులు ఉంటాయి, మలుపులో ఐస్ మీద జారించడానికి. ఉత్త గుడ్డైతే పట్టుకుంటుంది.

పురుషుల 500 మీటర్లంటే నాలుగున్నర చుట్లు, 1000 అంటే 9, 1500 అంటే పదమూడున్నర. 500లో మొదటి మలుపుకు ముందుగా చేరినవాడిది సగం గెలుపు, అందుకే లోపలి స్థానం అంత ముఖ్యం. సగటు వేగం గంటకు 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చైనా ఆటగాడు వూ డాజింగ్ 2018లో 500 మీటర్లలో 39.505 సెకన్ల ప్రపంచ రికార్డు పెట్టింది సాల్ట్ లేక్ సిటీలో, ఎత్తయిన ఊరు, పలుచటి గాలి. రోటర్‌డామ్‌లో చాలా భాగం సముద్ర మట్టం కంటే కిందే. గాలి దట్టం కాబట్టి ముందున్నవాడికి శ్రమ ఎక్కువ, వెనక దాక్కున్నవాడికి లాభం. అందుకే 1500లో మొదటి ఏడెనిమిది చుట్లు తీరిగ్గా సాగినట్టు కనిపిస్తాయి. ఆ తీరికను చూసి కాఫీకి లేవకండి.

శనివారం 500 మీటర్లలో చైనాకు చెందిన లిన్ షియావోజున్ గెలిచాడు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఇతనే లిమ్ హ్యోజున్ పేరుతో దక్షిణ కొరియాకు 1500 మీటర్ల బంగారం తెచ్చాడు. 2023లో సియోల్ ప్రపంచ పోటీల్లో 500 ఫైనల్ గీత మొదట దాటింది కూడా ఇతనే, కానీ చీలమండకు కట్టుకోవాల్సిన సమయం కొలిచే పరికరం లేదని అనర్హుడన్నారు. కాబట్టి ఈసారి అతను గీత దాటాక కూడా బోర్డు వైపు చూసినవాళ్లు మేమొక్కళ్లమే కాదు.

ఈ ఆటలో గీత దాటడం ఒకటి, గెలవడం ఇంకొకటి. అదే రోజు 1500 ఫైనల్లో కొరియా ఆటగాడు పార్క్ జివోన్ ముందుండగా, అదే దేశానికి చెందిన హ్వాంగ్ డేహోన్ లోపలి నుంచి దూరాడు, తాకిడికి పార్క్ వెనక్కి పడిపోయాడు. హ్వాంగే మొదట గీత దాటాడు, వీడియో చూశాక రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, అంటే ఆ రేసులో అతనికి స్థానం లేనట్టే, బంగారం చైనాకు చెందిన సన్ లాంగ్‌కు వెళ్లింది. నియమం చూస్తే సులువే: దాటేవాడిదే బాధ్యత, ముందున్నవాడు తన దారి తను ఎంచుకోవచ్చు, అడ్డంగా మాత్రం రాకూడదు. హీట్స్‌లోనో సెమీస్‌లోనో పై రౌండుకు వెళ్లే స్థానంలో ఉన్నవాణ్ని ఇలా చెడగొడితే రిఫరీ అతన్ని పైకి పంపుతాడు. తర్వాతి రౌండులో ఉండాల్సినవాళ్లకంటే ఒకరిద్దరు ఎక్కువ కనిపిస్తే కారణం అదే. ఫైనల్లో ఆ ఊరట లేదు, పైన రౌండే లేదు కదా.

ఆదివారం 1000 ఫైనల్లో ఆ ఇద్దరి మధ్యే మళ్లీ తాకిడి. పార్క్ మెత్తల్లోకి దూసుకెళ్లాడు, హ్వాంగ్‌కు మళ్లీ పెనాల్టీ, బంగారం కెనడా ఆటగాడు విలియం డాంజినూకి. ఈ రెండు రోజులకు పార్క్ చెల్లించింది పతకాలే కాదు. ప్రపంచ పోటీల్లో గెలిస్తే కొరియా జట్టులో నేరుగా చోటు దొరికేది. అది పోయి, ఏప్రిల్లో ఎంపిక పోటీలు ఆడాల్సి వచ్చింది, వాటిలో మొదటివాడిగా నిలిచాడు.

చివరన 5000 మీటర్ల రిలే, 45 చుట్లు, జట్టుకు నలుగురు. ఒక్కొక్కరు మామూలుగా చుట్టున్నర పరిగెత్తుతారు. తర్వాత వెళ్లేవాడు లోపలి భాగంలో తిరుగుతూ వేగం పుంజుకుని, ట్రాక్‌లోకి వచ్చి, మోకాళ్లు వంచి కూర్చున్నట్టు ఒదుగుతాడు. వెనకనుంచి వచ్చేవాడు రెండు చేతులతో తుంటి మీద ఆనించి బలమంతా పెట్టి తోస్తాడు. నడుము పైన తోస్తే ముందువాడు బోర్లా పడతాడు, ఒక పక్కకే తోస్తే తిరిగిపోతాడు. మూడు చుట్లు మిగిలాయనగా తుపాకీ మోగుతుంది. చివరి రెండు చుట్లూ ఒక్కడే పరిగెత్తాలి, పడిపోతే తప్ప. అందుకే ఆ చప్పుడు వినగానే నాలుగు జట్లూ తమ చివరి మార్పు కోసం ఒకే చోటికి తోసుకొస్తాయి.

చైనా గెలిచింది. బోర్డు మీద పేరు పడ్డాక బకెట్ల వాళ్లే మళ్లీ వచ్చి, దిమ్మల్ని ఒక్కొక్కటిగా ఏరి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.