వాన తగలని చోటే రాయి ఎక్కువ చెడుతుంది

ఆమ్ల వర్షం అనగానే చుక్క పడ్డచోటల్లా రాయి కరిగిపోతుందనుకుంటాం. కాలుష్యం ఉన్న ఊళ్లో పాత పాలరాతి కట్టడాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. వాన నేరుగా కొట్టే చోట రాయి అరిగి, గరుకు తేలి ఉంటుంది కానీ తెల్లగానే ఉంటుంది. చూరు కింద, శిల్పం గడ్డం కింద, చెక్కడపు మడతల్లో మాత్రం నల్లటి పెచ్చు కడుతుంది. అసలు నష్టం ఆ పెచ్చు వెనకాల జరుగుతుంటుంది.

మామూలు వాననీరు కూడా కొద్దిగా ఆమ్లమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల దాని పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 5.6 దగ్గర ఉంటుంది. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిస్తే 4.3 దాకా దిగొచ్చు. తేడా 1.3 అని తేలిగ్గా తీసుకోకండి, పీహెచ్ లెక్కలో అది 20 రెట్ల ఆమ్లత్వం. (అలాగని సుద్దముక్కను వెనిగర్‌లో వేసి ‘ఇదే ఆమ్ల వర్షం’ అని చూపిస్తే ఒప్పుకోవద్దు. వెనిగర్ పీహెచ్ 2.5 దరిదాపుల్లో ఉంటుంది.)

సున్నపురాయి, పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. సల్ఫర్ డయాక్సైడ్ నుంచి పుట్టే సల్ఫ్యూరిక్ ఆసిడ్ తగిలితే అది జిప్సంగా (నీరు కలిసిన కాల్షియం సల్ఫేట్ లవణంగా) మారుతుంది. స్వచ్ఛమైన నీటిలో కాల్షియం కార్బొనేట్ లీటరుకు 0.02 గ్రాములు కూడా కరగదు, జిప్సం 2 గ్రాములకు పైనే కరుగుతుంది. అందుకే వాన కొట్టే చోట జిప్సం ఎప్పటికప్పుడు కడుక్కుపోయి, రాయి పలచబడుతుంది. వాన తగలని చోటికి సల్ఫర్ డయాక్సైడ్ గాలితోనే వస్తుంది, మంచు, తేమ దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. అక్కడ పుట్టిన జిప్సంను కడిగే నీరుండదు. అది మసిని పట్టుకుని నల్లబడుతుంది. పైగా అంతే కాల్షియానికి జిప్సం దాదాపు రెట్టింపు చోటు తీసుకుంటుంది. రంధ్రాల్లో అలా పెరుగుతూ పోయి రాతిని లోపల్నుంచి నెడుతుంది. ముందు పొంగు, తర్వాత పగులు, ఆఖరికి పెచ్చు ఊడుతుంది. దాని కింద గింజల మధ్య పట్టు వదిలిన పాలరాయి వేలితో రుద్దితే పంచదారలా రాలుతుంది.

గ్రానైట్‌కు ఈ బెడద చాలా తక్కువ. ఇసుకరాయి విషయం దాని రేణువులను అతికించిన పదార్థాన్ని బట్టి ఉంటుంది: సిలికా అయితే గట్టిది, కార్బొనేట్ అయితే కష్టం. కనపడని మూల 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఒక చుక్క వేస్తే తేలిపోతుంది, నురగ వస్తే కార్బొనేట్ ఉన్నట్టే. తర్వాత ఆ చోట కడిగేయాలి.

నల్లపెచ్చును ఆసిడ్‌తో తీయడం, ఇసుక పేల్చి గీకించడం రెండూ తప్పే, మంచి రాయి కూడా పోతుంది. తక్కువ ఒత్తిడితో సన్నని నీటి తుంపర ఎక్కువసేపు పట్టించి జిప్సంను మెత్తబరచాలి. రాయి ఇప్పటికే రాలుతుంటే నీరు కూడా పట్టించకుండా ముందు దాన్ని గట్టిపరచాలి. గాలాడనివ్వని ప్లాస్టిక్ లాంటి పూత వేస్తే లవణాలు లోపలే చిక్కుకుని దాని వెనక రాయి ఊడుతుంది.

లోహాల్లోనూ కడుక్కుపోవడం, పేరుకుపోవడం అనే తేడా ఉంది. ఇనుము తుప్పు కింద ఐరన్ సల్ఫేట్ గూళ్లలా చేరుతుంది. అది ఆక్సిజన్‌తో, తేమతో కలిసి మళ్లీ ఆసిడ్‌ను పుట్టిస్తుంది, కాబట్టి గాలిలో సల్ఫర్ తగ్గినా తుప్పు ఆగదు. వైర్ బ్రష్‌తో పైపైన గీకి పెయింట్ వేస్తే బుడగలు లేచేది ఇందుకే. మంచినీటితో లవణాలు పోయేదాకా కడిగి, తుప్పును గుంటల అడుగుదాకా తీసి, ఆరాకే ప్రైమర్ వేయాలి.

ఇనుముకు రక్షణగా వేసే జింక్ పూత తీరు దీనికి భిన్నం. గాలిలో దాని మీద కట్టే కార్బొనేట్ పొరే దానికి రక్షణ, ఆమ్లం ఆ పొరనే కరిగిస్తుంది. 85 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూత ఏడాదికి 1 మైక్రాన్ చొప్పున పోతే 85 ఏళ్లు నిలుస్తుంది, 5 మైక్రాన్లు పోతే 17 ఏళ్లకే అయిపోతుంది. కాబట్టి పూత మందం ఎంతని అడిగితే చాలదు, అక్కడి గాలి ఎలాంటిదో కూడా చూడాలి.

కంచు విగ్రహాల మీద నీరు కారే దారుల్లో లేతాకుపచ్చ చారలు, దాక్కున్న చోట నలుపు కనిపిస్తాయి. కారే నీటిలో రాగి లవణాలుంటాయి, కింది పాలరాతి పీఠానికి ఆకుపచ్చ మరక పట్టేది వాటివల్లే. కడిగి ఆరబెట్టి మైనం పూత వేయడం, అది అరిగినప్పుడల్లా మళ్లీ వేయడం ఇక్కడ పనికొచ్చే పద్ధతి.