నలభై రెండు నంబరు అడిగిన రోజు

నెల్లూరు, శనివారం రాత్రి.

రోహిణి కార్తె ఎండకి మధ్యాహ్నమంతా చిన్న బజారులో అలికిడి లేదు. వచ్చినవాళ్లంతా పొద్దున పదింటికో, దీపాలు పెట్టినాకో వచ్చారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లలో ముగ్గురి నోట ఇవాళ ఒకటే మాట: "జాకెట్టు భుజం మీద నిలవడం లేదక్కా, లాగతా ఉండాది." ముగ్గురి జాకెట్లలోనూ కోత తప్పు లేదు, కుట్టు తప్పు లేదు. లోపలి బ్రా కుదరలేదు. కుదరని బ్రా మీద కొలత తీస్తే డాట్లు, అంటే రొమ్ము ఆకారానికి గుడ్డ మడిచి వేసే కుట్లు, రొమ్ము కిందికో పక్కకో పోతాయి, ఎంత మంచి గుడ్డయినా ముడతలు పడుతుంది.

కావలి నుంచి వచ్చిన అక్క వేసుకున్నది 40 బి. వీపు మీద పట్టీ మెడ వైపుకు ఎక్కిపోయింది. భుజాల మీద రెండు ఎర్రటి చారలు. ముందర కప్పు అంచు రొమ్మును అడ్డంగా కోసినట్టు ఉంది, జాకెట్టు పైనుంచి చూస్తే రెండు రొమ్ములు నాలుగైనట్టు కనిపిస్తున్నాయి. "చాలడం లేదు, ఈసారి 42 తీసుకుంటే సరిపోతదా?" అని అడిగింది.

ఈ ప్రశ్న ఇవాళ కొత్త కాదు. రొమ్ము పట్టకపోతే నంబరు పెంచుకుంటూ పోవడం మన ఊళ్లలో తల్లి నుంచి కూతురికి వచ్చే అలవాటు. 34 చాలకపోతే 36, అదీ చాలకపోతే 38. కానీ ఆ నంబరు రొమ్ముది కాదు, రొమ్ము కింద ఛాతీ చుట్టూ తిరిగే పట్టీది. రొమ్ముకు చెందింది పక్కన ఉండే అక్షరం. బరువు మోయాల్సింది కూడా పట్టీయే, భుజం మీది స్ట్రాపు కాదు. పట్టీ వదులైతే వెనక పైకి పోతుంది, ముందు కిందికి దిగుతుంది, అప్పుడు బరువంతా స్ట్రాపుల మీద పడి భుజాలు కోసుకుపోతాయి. స్ట్రాపులు బిగిస్తే పట్టీ ఇంకా పైకి ఎక్కుతుంది.

టేపు పెట్టాక లెక్క తేలింది. రొమ్ముల కింద, ఊపిరి వదిలేశాక, టేపు నేలకు సమానంగా బిగించి పట్టుకుంటే 31న్నర అంగుళాలు. ప్యాడ్ లేని పల్చటి బ్రాతో నిలబడి, రొమ్ము బాగా ఎత్తుగా ఉన్న చోట టేపు వదులుగా తిప్పితే 38న్నర. నడుము దగ్గర వంగి, వీపు బల్లపరుపుగా ఉంచి అదే చోట తీస్తే 40న్నర. రొమ్ములు పెద్దవైనవాళ్లకు ఈ వంగిన కొలత వదలకూడదు. నిలబడినప్పుడు కండ కిందికి జారి ఉంటుంది గనక టేపుకు మొత్తం అందదు; వంగితే అంతా ముందుకొస్తుంది. రెండింటి సగటు 39న్నర. పట్టీని దగ్గరి సరి సంఖ్యకు తెస్తే 32. తేడా 7న్నర అంగుళాలు.

అంగుళానికి ఒక అక్షరం. 1 వస్తే ఎ, 2 బి, 3 సి, 4 డి, 5 డిడి. ఇంతవరకూ బ్రిటన్, అమెరికా లెక్కలు కలుస్తాయి. ఆపైన చీలిపోతాయి. బ్రిటన్ లెక్కలో 6 ఇ, 7 ఎఫ్, 8 ఎఫ్‌ఎఫ్, 9 జి. అమెరికా లెక్కలో 6 డిడిడి, 7 జి. ఒకే మనిషికి ఒక కంపెనీ చీటీ ఎఫ్ అని, ఇంకో కంపెనీ చీటీ జి అని చెబుతుంది. అందుకే డి దాటినవాళ్లు అక్షరం ఒక్కటే చూసి కొనకూడదు, ఆ కంపెనీ పట్టికలో ఎన్ని అంగుళాల తేడాకు ఏ అక్షరం రాశారో చూసుకోవాలి.

సెంటీమీటర్లతో మరో చిక్కు. మన దేశంలో కొన్ని పెట్టెల మీద 34 పక్కన 85 అని, 36 పక్కన 90 అని ఉంటుంది, అది అంగుళాలను సెంటీమీటర్లుగా రాసింది. యూరప్ చీటీలో 75 అంటే మన 34, 80 అంటే 36. ఇది తెలియక 80 చూసి 32 అనుకుని తెచ్చుకుంటే పట్టీ రెండు సైజులు వదులు.

ఏడున్నర తేడాకు బ్రిటన్ లెక్కలో ఎఫ్ అనేసరికి అక్క బెదిరింది. "డీయే పెద్దదంటారు కదమ్మా" అంది. ఈ భయాన్ని కొంచెం ఓపిగ్గా విప్పాలి. కప్పుకు అక్షరాలు పెట్టడం 1932లో అమెరికాలో ఎస్.హెచ్. క్యాంప్ కంపెనీతో మొదలైంది, అప్పుడు ఉన్నవి ఎ నుంచి డి వరకు నాలుగే. డి అంటే ఆఖరిది అన్న ఊహ ఆనాటి నుంచే మిగిలిపోయింది కాబోలు. డి అంటే ఛాతీకీ రొమ్ముకీ మధ్య నాలుగు అంగుళాల తేడా, అంతే. సన్నటి పిల్లకు 30 డి రావచ్చు, ఆ డి కప్పు పెద్దామె 38 డి కప్పులో సగమైనా కనపడదు. పట్టీ మారితే అదే అక్షరం పరిమాణం మారిపోతుంది. పట్టీ ఒక మెట్టు, అంటే రెండు అంగుళాలు, దిగితే అక్షరం ఒకటి ఎక్కాలి, అప్పుడే కప్పు అంతే ఉంటుంది. 36 బి, 34 సి, 32 డి మూడింటి కప్పూ ఒకటే.

దీన్నిబట్టి అక్క 40 బిని దింపి చూడండి. 40 బి అంటే 38 సి, అంటే 36 డి, అంటే 34 డిడి, అంటే 32 ఇ. ఆమెకు కావాల్సింది 32 ఎఫ్, లేకపోతే ఎఫ్‌ఎఫ్. అంత పెద్ద నంబరు వేసుకున్నా కప్పు ఇంకా ఒకటి రెండు మెట్లు తక్కువే, పట్టీ మాత్రం ఎనిమిది అంగుళాలు ఎక్కువ. 42 బి తీసుకుంటే కప్పు ఒక మెట్టు పెరుగుతుంది, పట్టీ ఇంకో రెండు అంగుళాలు జారుతుంది. ఒక కాగితం మీద ఈ మెట్లు ఒకదాని కింద ఒకటి రాసి చూపించాక అక్క చాలాసేపు దాన్నే చూసింది.

రొమ్ము కింది కొలతకు నాలుగు కలిపే పాత పద్ధతి ఇంకా కొన్ని పట్టికల్లో ఉంది. దాని ప్రకారం 31న్నరకు నాలుగు కలిపి 36, తేడా మూడున్నర, 36 సి అని తేలుతుంది. 36 సి అంటే 32 డిడి. చిన్న రొమ్ములకు ఈ తప్పు పెద్దగా తెలియదు, పెద్ద రొమ్ములకు మాత్రం ప్రతిసారీ కప్పు కొరతే.

బిగువు పట్టీ ఇబ్బందనుకునేవాళ్లు, శ్వాస ఇబ్బంది ఉన్నవాళ్లు ఒక మెట్టు వదులు తీసుకోవచ్చు, 32 ఎఫ్‌కు బదులు 34 ఇ. అంతకు మించి వద్దు.

ఇప్పుడు దొరకడం సంగతి. మన బజారులో అడగ్గానే చేతికొచ్చేది బి. సి అంటే వెతుకుతారు. ఆ పైన పెద్ద నంబర్లలో, 36, 38 నుంచి, డి, డిడి కొంత దొరుకుతాయి. 32, 34 పట్టీలో ఎఫ్ కావాలంటే ఆన్‌లైన్లోనో, చెన్నైలోనో చూడాలి. పెళ్లి బట్టలకు టీ నగర్ పోయే కుటుంబాలు ఆ పనిలో పనిగా నాయుడు హాల్ లాంటి చోట ఒక అరగంట పెట్టుకుంటే మంచిది, అక్కడ వేసి చూసుకునే వీలుంటుంది. ఆన్‌లైన్లో అయితే మార్చి ఇస్తారో లేదో ముందే చదవాలి, ఒకే మోడల్లో పక్కపక్క సైజులు రెండు తెప్పించి ఒకటి తిరిగి పంపాలి. చీటీ తెంచకూడదు.

వేసి చూసేటప్పుడు చేయాల్సినవి అక్కతో వరసగా చేయించాను. కొత్త బ్రాను చివరి హుక్కులకే, అంటే అన్నిటికన్నా వదులు వరసకే పెట్టాలి. అప్పుడే బిగువుగా ఉండాలి. పట్టీ నెలల్లో సాగుతుంది, సాగినకొద్దీ లోపలి వరసలకు జరుపుకుంటాం. మొదటిరోజే లోపలి వరసకు పెట్టాల్సి వస్తే అది మనది కాదు. తర్వాత ముందుకు వంగి, కుడి చేత్తో కుడి కప్పు అంచు పట్టుకుని, ఎడమ చేయి చంక వైపు నుంచి పోనిచ్చి పక్కనున్న కండను కప్పులోకి తెచ్చుకోవాలి. రెండో వైపూ అంతే. "చంకలో కొవ్వు" అనుకునేదాంట్లో చాలామందికి కొంత రొమ్మే, చిన్న కప్పు దాన్ని పక్కకు తోసేసి ఉంటుంది. ఇది చేశాక కప్పు పొంగితే, అప్పటిదాకా సరిపోయిందనుకున్న సైజు చిన్నదే.

ఆ తర్వాత మధ్యలో చూడాలి. రెండు కప్పుల నడుమ ముక్క ఛాతీ ఎముకకు ఆనాలి. గాలిలో తేలుతూ ఉంటే కప్పు చిన్నది, చాలాసార్లు అదే కారణం. రొమ్ములు రెండూ బాగా దగ్గరగా ఉన్నవాళ్లకు మాత్రం మధ్య ముక్క పొట్టిగా ఉన్న మోడల్ కావాలి, లేకపోతే కప్పు అంచులోని వైరు గుచ్చుకుంటుంది. వైరు రొమ్ము కింది మడతలో కూర్చుని, పక్కన రొమ్ము అయిపోయిన చోట ఆగాలి. కండ మీద ఎక్కి కూర్చుంటే గంటలో నొప్పి మొదలవుతుంది. వీపు పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, పిడికిలి పట్టకూడదు. స్ట్రాపులు పూర్తిగా దించేసి చూడండి: రొమ్ములు కొంచెం దిగుతాయి గానీ బ్రా జారకూడదు. చేతులు రెండూ ఎత్తి, కూర్చుని, కింద పడిన వస్తువు తీస్తున్నట్టు వంగి చూడాలి. ఆఖరున పైన జాకెట్టు తొడుక్కోవాలి.

ముడతల సంగతి వేరు. కప్పు పైభాగం ఖాళీగా ముడుచుకుంటే వెంటనే చిన్న కప్పు ఇచ్చేస్తారు, అది పొరపాటు. పిల్లలకు పాలిచ్చాక చాలామంది రొమ్ము పైన పల్చబడి కింద నిండుగా ఉంటుంది. వాళ్లకు అచ్చులో పోసిన ఫోమ్ కప్పు ఎంత సరైన సైజైనా పైన ఖాళీ వస్తుంది, ఎందుకంటే ఆ కప్పు ఆకారం మారదు. వాళ్లకు కావాల్సింది మూడు ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ కప్పు, పక్కన చంక వైపు రొమ్మును ముందుకు తోసే అదనపు ముక్కతో. డి దాటినవాళ్లకు ఇదే నా గట్టి సలహా. మెరిసే లేసు చూడకండి, ఈ కుట్లు చూడండి. కప్పు గుడ్డ సాగకూడదు, పట్టీ గుడ్డ సాగాలి. లాగి వదిలితే టక్కున వెనక్కి రావాలి. వెనక కనీసం మూడు హుక్కులు. స్ట్రాపు ముప్పావు అంగుళం వెడల్పైనా ఉండాలి. రొమ్ములు రెండూ సమానంగా లేకపోతే పెద్దదానికి సరిపడా తీసుకుని, చిన్నవైపు పల్చటి ప్యాడ్ పెట్టుకోవాలి.

సాయంత్రం వచ్చిన పిల్ల, డిగ్రీ చదువుతోంది, వైరు ఉంటే క్యాన్సర్ వస్తదంట కదా అని అడిగింది. రాదు. 2014లో సియాటిల్‌లో ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రం వాళ్లు దీన్నే పరిశీలించి, బ్రాకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం కనపడలేదని చెప్పారు, వైరు ఉన్నా లేకపోయినా. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: కొత్తగా చేతికి తగిలే గడ్డ, చర్మంలో సొట్ట, చనుమొన లోపలికి లాగడం, రక్తం కారడం. ఇవి కనిపిస్తే బ్రా సంగతి పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోవాలి.

ఈ ఎండల్లో మన జిల్లాలో పెద్ద రొమ్ములున్నవాళ్ల అసలు బాధ మడతలో చెమట. వదులు బ్రాలో రొమ్ము పొట్ట మీద ఆనుతుంది, చర్మానికి చర్మం రాసుకుని ఎర్రబడి, మంట, దురద. రొమ్మును పైకెత్తి మడతను విడదీసే బ్రా ఉంటే సగం తగ్గుతుంది. స్నానం తర్వాత మడత పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. పౌడరు తడిలో ముద్దకట్టి ఇంకా ఒరుసుకుంటుంది. ఎరుపు వారంలో పోకపోతే చర్మం డాక్టరుకు చూపించాలి. దుకాణంలో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటే తామర ముదురుతుంది.

చెమట ఉప్పు, ఎండ వేడి రెండూ ఎలాస్టిక్‌ను తినేస్తాయి. ఒకటే బ్రా రోజూ వేయకుండా మూడు మార్చి మార్చి వాడాలి. చల్లనీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో నొక్కి, నీడలో ఆరేయాలి. దండెం మీద స్ట్రాపు పట్టి వేలాడదీస్తే తడి బరువుకు అది సాగిపోతుంది. మధ్య ముక్క దండెం మీదికి వచ్చేట్టు వేస్తే చాలు.

కావలి అక్కకు చివరికి ఊళ్లో దొరికింది 36 ఇ. కప్పు 32 ఎఫ్‌ఎఫ్‌తో సమానం, వేసి చూస్తే మధ్య ముక్క బాగా ఆనింది. పట్టీ వదులు. దాన్ని తగ్గించవచ్చు, రెండు అంగుళాల దాకా: వెనక హుక్కుల ముక్క, కాజాల ముక్క రెండూ విప్పి, రెండు వైపులా అంగుళం చొప్పున పట్టీ కోసి, మళ్లీ కుట్టాలి. అంతకంటే ఎక్కువ కోస్తే వెనక స్ట్రాపులు మరీ దగ్గరపడి, కప్పులు చంకల వైపుకు లాగబడతాయి. కుట్టు జిగ్‌జాగ్‌లోనే వేయాలి, దారం పాలిస్టర్‌ది. సాదా కుట్టు వేస్తే పట్టీ సాగిన మొదటిరోజే దారం తెగుతుంది. కోసిన చోట పట్టీ హుక్కుల ముక్క కంటే ఎత్తుగా ఉంటే పై అంచును కొంచెం వంపుగా దించుకోవాలి. 34 అవుతుంది, 32 కాకపోయినా ఆమె ఇన్నాళ్లూ వేసుకున్న 40 మీద చాలా నయం.

చర్మం రంగు దారం అయిపోయింది. రేపు ఆదివారం కాబట్టి సోమవారం పొద్దున స్టోన్‌హౌస్‌పేటలో తెచ్చి, పదిలోపు కుట్టి పెట్టాలి. ఆ బ్రా వేయించాకే ఆమె జాకెట్టుకు కొలత తీయాలి.