పదిహేను రోజుల మత్తు పోస్టింగ్

హౌస్ సర్జన్సీలో అడుగుపెట్టేనాటికే నా బ్రాంచ్ ఖాయం: గైనిక్. ఎంబీబీఎస్ సీటొచ్చిన రోజే అమ్మ "మన ఊళ్లో ఆడ డాక్టరు లేదు" అంది. ఆ మాట నాలుగున్నరేళ్లు మా ఇంట్లో తిరుగుతూనే ఉంది.

నేను హౌస్ సర్జన్సీ చేసింది 2018లో. అప్పటి లెక్క ప్రకారం మెడిసిన్, సర్జరీ, గైనిక్, కమ్యూనిటీ మెడిసిన్ రెండేసి నెలలు. పిల్లల విభాగం, ఆర్థో నెల చొప్పున. మిగతావి పదిహేనేసి రోజులు. మత్తు విభాగానికైతే సొంత చోటు కూడా లేదు, సర్జరీ రెండు నెలల్లోంచే పదిహేను రోజులు తీసి ఇచ్చేవారు. హాస్టల్లో దాన్ని 'ప్రిపరేషన్ పోస్టింగ్' అనేవాళ్లం. సంతకం పెట్టి నీట్ పీజీకి చదువుకోవడమే.

గైనిక్ ముందు వచ్చింది. మొదటి కాన్పుకి చేతులు వణికాయి, పదో కాన్పుకి వణకలేదు. పని నచ్చింది. కానీ మా యూనిట్‌లో మామూలుగా మాట్లాడేవాళ్లు లేరు. పీజీల మీద అసిస్టెంట్లు, మా మీద పీజీలు అరిచేవాళ్లు. మాకు మిగిలింది నొప్పులు పడుతున్న తల్లులే. ఒక తెల్లవారుజామున నేనూ అరిచాను, "ముక్కమంటే వినవేంటి" అని. ఆమె నాకన్నా చిన్నది.

సిజేరియన్లలో నా పని రిట్రాక్టర్ (కోసిన చోటు మూసుకోకుండా తెరిచి ఉంచే పరికరం) పట్టుకోవడం. నాకు కనిపించేది గర్భసంచి, రక్తం, ఆకుపచ్చ గుడ్డలు. తల్లి ముఖం తెర అవతల ఉండేది. రెండు నెలల్లో ఒక్కసారైనా అటు తొంగి చూడాలని తోచలేదు.

మత్తు పోస్టింగ్ మొదటి రోజు పుస్తకం సంచిలో పెట్టుకునే వెళ్లాను. అక్కడి మేడమ్ ఆ సంచిని చూసి ఏమీ అనలేదు. తల్లి తల దగ్గర స్టూలు వేయించి, "ఈమె చెయ్యి పట్టుకో. ఏం చెప్పినా నాకు చెప్పు" అంది. అదీ సిజేరియనే. నేనే తెర ఇవతలికి వచ్చాను.

స్పైనల్ (వెన్నులోకి మత్తు సూది) ఇచ్చిన రెండు నిమిషాలకి తల్లి "కడుపులో తిప్పుతోందమ్మా" అంది. మానిటర్ మీద బీపీ ఇంకా పాత అంకే. మేడమ్ దానికోసం ఆగకుండా బీపీ పెంచే మందు మెఫెంటెర్మిన్ ఎక్కించింది. ఆ తర్వాత చేతికి చుట్టిన బీపీ కఫ్ బిగిసి వదిలింది, పై అంకె 82. "స్పైనల్ తర్వాత వాంతి అంటే ముందు బీపీ పడిందనుకో. మిషన్‌కన్నా తల్లే ముందు చెబుతుంది" అంది.

బిడ్డ బయటికొచ్చింది, ఏడవలేదు. తెర అవతల ఆ అర నిమిషం పనిలో పోతుంది, నాకు తెలుసు. ఇవతల నా వేళ్లు నలిగిపోతున్నాయి. "ఏడవట్లేదేంటమ్మా?" అంది తల్లి. నా దగ్గర జవాబు లేదు. మేడమ్ వంగి, "పిల్లల డాక్టరు తుడుస్తున్నారమ్మా, విను" అంది. ముగ్గురం విన్నాం. ఏడ్చింది.

ఆ పదిహేను రోజుల్లో ఎక్కువగా నేర్చుకున్నది వినడమే. ఆక్సిజన్ శాతం తగ్గేకొద్దీ పల్స్ ఆక్సిమీటర్ చప్పుడు శ్రుతి దిగుతుంది. సర్జన్ వైపు నిలబడినన్నాళ్లూ అది నా చెవిన పడనే లేదు. సర్జన్ ఆలస్యమైన ఒక పూట మేడమ్ హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ల కథ చెప్పింది. అప్పట్లో మత్తుకి వాడే క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చడానికి వేసిన విచారణలవి. 1888, 1889లలో నిజాం డబ్బుతో జరిగాయట. క్లోరోఫామ్ ముందు ఆపేది ఊపిరినే, గుండెను కాదని లారీ అనే డాక్టరు వాదించాడు. గుండె కూడా హఠాత్తుగా ఆగిపోగలదని తర్వాత తేలింది. "అందుకే రెండూ విను" అని మళ్లీ మానిటర్ వైపు తిరిగింది.

అయినా నాకో అనుమానం. నచ్చింది సబ్జెక్టా, ఈ మేడమా? మా రూమ్మేట్ గైనిక్‌లో వేరే యూనిట్‌లో పడింది, అక్కడ ఎవరూ అరవరు. ఆమె ఆ బ్రాంచే అని తేల్చేసుకుంది. యూనిట్లు తారుమారై ఉంటే? అందుకే ఎలెక్టివ్, అంటే మాకు నచ్చిన విభాగం ఎంచుకునే పదిహేను రోజులు కూడా మత్తు విభాగమే పెట్టుకుని, వేరే టీమ్ అడిగాను. అక్కడి సర్ పూటకి నాలుగు మాటలు కూడా మాట్లాడరు. ఆయన ముందే రెండు స్పైనల్స్ కుదరక సూది ఆయన చేతికిచ్చేశాను. పొగడ్త లేదు, కథలు లేవు. అయినా డ్యూటీ అయ్యాక కూడా థియేటర్ వదిలి రాబుద్ధి కాలేదు. అప్పుడు నమ్మకం కుదిరింది.

నా ర్యాంకుకి గైనిక్ కూడా వచ్చేలాగే ఉంది. వెబ్ ఆప్షన్లలో మత్తు పైన పెట్టాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నాన్న మాత్రం, "ఆపరేషన్ చేసినావిడ గుర్తుంటుంది గానీ, మత్తిచ్చినావిడ ఎవరికి గుర్తుంటుందే?" అన్నారు.

నిజమే. పీజీ మూడేళ్లూ ఆపరేషన్ మర్నాడు వార్డుకి వెళితే, "మీరెవరు మేడమ్?" అనే అడిగేవాళ్లు. మాస్కు లేని ముఖం వాళ్లకి కొత్త. ఒక్క బాలింత మాత్రం, నేను నోరు తెరవగానే పక్కనున్న వాళ్లమ్మతో "ఈ గొంతేనే" అంది.