మంట లేని పొయ్యి మీద కొండపల్లి

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మేం అద్దెకుంటున్న ఇల్లు విక్టోరియా కాలం నాటిది. వీధంతా ఒకే వరస, పక్కింటికీ మాకూ గోడ ఒకటే. ముందుగదిలో చలి కాచుకునే పొయ్యి ఉంది, దాని మీద ఐదడుగుల పొడవు, జానెడు వెడల్పు చెక్క అర, దాన్నే మాంటెల్ అంటారు. 1952లో లండన్‌ని పొగ కమ్మేసి వేలమంది చనిపోయాక 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, ఆ తర్వాత ఇలాంటి ఇళ్లలో బొగ్గుపొయ్యిలు మెల్లగా ఆరిపోయాయి. మా ఇంట్లోదీ ఎప్పుడో మూసేశారు.

మొదటి చలికాలం ఆ చెక్క మీద తాళాలు, కరెంటు బిల్లులు, పారాసిటమాల్ ఉండేవి. తర్వాత షాపులో చూసినట్టే బూడిదరంగు కూజా, ఎండుగడ్డి, రెండు కొవ్వొత్తులు తెచ్చిపెట్టాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి, కానీ హోటల్ గదిలా ఉండేది. ఆసుపత్రి వార్డులో రాత్రంతా పన్నెండున్నర గంటలు నిలబడి పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడితే ముందుగా కనిపించేది ఆ మాంటెలే. అక్కడ నావేవీ లేవని రోజూ అనిపించేది.

ఆ ఏడాది విజయవాడ వెళ్లినప్పుడు కొండపల్లి వెళ్లి ఎడ్లబండి, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కుతున్న గీతకార్మికుడు కొన్నాను. చీరల మధ్య ఎంత జాగ్రత్తగా సర్దినా, పెట్టె తెరిచేసరికి తాటిచెట్టు తల విరిగి ఉంది. ఈ బొమ్మలు చేసేది పొనికి కర్రతో కదా, చేతిలో పెడితే బరువే తెలియదు, అంత తేలిక. సూపర్ గ్లూతో అతికించబుద్ధి కాలేదు. ఈ బొమ్మల్ని చేసేవాళ్లు ముక్కల్ని అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో.

బెల్‌గ్రేవ్ రోడ్డు గుజరాతీ కొట్లో చింతపండు కొని గింజలు ఏరితే గుప్పెడు కూడా రాలేదు. వాటినే వేయించి, పైతొక్క తీసి, మిక్సీలో పొడి చేసి, నీళ్లలో ఉడికించాను. రంపపు పొట్టు పెంపుడు జంతువుల షాపులో దొరికింది, చిట్టెలుకల కింద పరవడానికి అమ్ముతారు. మొదటిసారి పలచనైంది, తల జారిపోయింది. రెండోసారి పొట్టు ఎక్కువేసి, దారంతో కట్టి, రెండు రోజులు కదపలేదు. అతుకు దగ్గర ఇప్పటికీ చిన్న బొడిపె ఉంది. రంగేసి దాన్ని దాచేయలేదు. మిగిలిన చింతపండుతో అమ్మమ్మ మరచెంబు తోమాను. ఇత్తడి మెరిసింది.

అన్నీ పేర్చి అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను.

"అవేంటే, బడిపిల్లల్లా వరసలో నిలబెట్టావు? చెట్టు ఓ పక్కకి జరుపు. బండి దాని కిందకి రావాలి. ఏనుగుకి నడవడానికి చోటివ్వు."

ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టిన చెయ్యి ఆవిడది, ఎక్కడ ఏది ఉండాలో ఇట్టే తెలిసిపోతుంది. చెట్టు ఎడమకి జరిపాను, బండి చెట్టు నీడకి వచ్చింది, మధ్యలో మూరెడు ఖాళీ వదిలాను, కుడి చివర మరచెంబు. నిజంగా ఆ ఖాళీ వల్లే బండి ఎక్కడికో వెళుతున్నట్టుంది. నన్నడిగితే కొత్త వస్తువు కొనేముందు ఉన్నవాటిలో రెండు తీసి చూడాలి, చాలాసార్లు అక్కడితోనే సరిపోతుంది.

మేకు కొట్టొద్దని ఇంటి ఓనర్ ముందే చెప్పారు. అదృష్టం ఏమిటంటే ఈ పాత ఇళ్లలో కొన్నింటికి గోడ పైభాగాన పిక్చర్ రైల్ అని చెక్కపట్టీ ఉంటుంది. దానికి కొక్కెం తగిలించి తీగతో అమ్మమ్మ ఫొటో వేలాడదీశాను, డ్రిల్లింగ్ అవసరం రాలేదు. పక్క గూళ్లలోని షెల్ఫుల్లో ఏటికొప్పాక లక్క భరిణెలు, తెలుగు పుస్తకాలు పెట్టాను. రేడియేటర్ వేడికి చెక్క ఎండి పగులుతుందనీ, ఎండకి రంగులు వెలుస్తాయనీ భరిణెల్ని కిటికీకి దూరంగా ఉంచాను.

డిసెంబర్‌లో పక్కింటి పెద్దావిడ క్రిస్మస్ కార్డు ఇవ్వడానికి వచ్చి చాలాసేపు ఆ చెట్టు ఎక్కే మనిషినే చూస్తూ నిలబడింది. వాళ్లమ్మ ఇదే చోట గడియారం పెట్టేదట, ఆదివారం ఆవిడే కీ ఇచ్చేదట. కార్డుని చెట్టుకి ఆనించి నిలబెట్టాను. జనవరి 6 లోపు తీసేయాలమ్మా, అది మా పద్ధతి, అంది. మాకు 14న సంక్రాంతి, అప్పటిదాకా ఉంచుకుంటానని చెప్పాను. సరేనంది, కొలువుకి వస్తానంది.