కొత్త చైనుకి పాత పళ్లు ఒప్పుకోలేదు: ఫ్రీవీల్ మార్చిన నా అనుభవం

కొత్త చైను వేయిస్తే సైకిల్ ఇంకా బాగా నడవాలి కదా, నాది రివర్స్ అయ్యింది. మా విశాఖపట్నం బీచ్ రోడ్డులో తెన్నేటి పార్క్ దగ్గర ఎత్తు వచ్చే చోట సీటు మీంచి లేచి తొక్కితే చాలు, టక్కుమని చైను ఒక పన్ను జారిపోయి పెడల్ ఖాళీగా కిందకి పోయేది, వెనక బస్సు హారన్ కొడుతూ వస్తున్నప్పుడు అలా అయితే ప్రాణం పోయినంత పనవుతుంది. చైను వేసిన షాపుకే తీసుకెళ్తే అతను డీరైలర్ (గేరు మార్చినప్పుడు చైనుని ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపే భాగం) స్క్రూలు అటు కొంచెం ఇటు కొంచెం తిప్పి "కొత్త చైను కదా సార్, నాలుగు రోజులు తొక్కితే అదే సెట్ అయిపోద్ది" అన్నాడు. సెట్ అవ్వలేదు.

ఇంటికొచ్చి కూర్చుని చూస్తే ఒక విషయం అర్థమైంది, జారడం అన్ని గేర్లలో లేదు. వెనక ఉన్న పళ్ల చక్రాల్లో పెద్దవాటి మీద ఎంత గట్టిగా తొక్కినా ఏం కాట్లేదు, నేను ఎప్పుడూ వాడే మధ్య రెండింటి మీదే జారుతోంది. డీరైలర్ తేడా అయితే గేరు మారేటప్పుడు గోల చేస్తుంది గానీ ఇలా బలం పెట్టినప్పుడే, అదీ రోజూ వాడే చక్రాల మీదే జారితే పళ్లు అరిగాయని లెక్క. అదృష్టం కొద్దీ పాత చైను పారేయకుండా కవర్లో పెట్టి తెచ్చుకున్నాను, దాన్ని మేకుకి వేలాడదీసి స్టీలు స్కేలుతో కొలిచాను. చైనులో ఒక పిన్నుకీ ఇంకో పిన్నుకీ మధ్య అర అంగుళం ఉంటుంది, అంటే 24 పిన్నుల దూరం కరెక్ట్‌గా 12 అంగుళాలు రావాలి. 1/16 అంగుళం ఎక్కువొస్తే చైను మార్చే టైం అయినట్టు, 1/8 ఎక్కువొస్తే వెనక పళ్లు కూడా పోయినట్టే. నాది 1/8 కూడా దాటేసింది. సాగిన చైనుతో తిరిగీ తిరిగీ పళ్లు కూడా ఆ సాగిన కొలతకే అరిగిపోతాయి, తర్వాత అర అంగుళం కొలతలో ఉన్న కొత్త చైను వాటి మీద సరిగ్గా కూర్చోదు. చైను మార్చేటప్పుడే స్కేలు పెట్టి చూసుంటే సరిపోయేది, ఏ షాపులోనూ ఎవరూ చూడరనుకోండి.

ఇక టూల్ కొనే ముందు చూసుకోవాల్సింది మన చక్రానికి ఉన్నది ఫ్రీవీలా కేసెట్టా అని. వెనక పళ్ల చక్రాల గుత్తి మొత్తం మర తిప్పి బిగించేదైతే ఫ్రీవీల్, గాడుల్లోకి జార్చి పైన లాక్ రింగ్ అనే రింగుతో బిగించేదైతే కేసెట్. చక్రం బయటికి తీసి పళ్లని వెనక్కి తిప్పాలి, మధ్యలో టూల్ దూరే గాడి కూడా పళ్లతో పాటు తిరిగితే కేసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. కేసెట్ అయితే లాక్ రింగ్ టూల్, పళ్లు తిరగకుండా పట్టుకునే చైన్ విప్ రెండూ కావాలి. నాది 7 స్పీడ్ ఫ్రీవీల్, 14 నుంచి 28 పళ్ల వరకు, దీనికి షిమానో కంపెనీ గాడికి సరిపోయే రిమూవర్ (ఫ్రీవీల్ విప్పే టూల్) ఒక్కటి చాలు, చైన్ విప్ అక్కర్లేదు.

చాలు అని చెప్పడం తేలికే గానీ అది ఊడటమే పెద్ద తంతు. ఫ్రీవీల్ హబ్‌కి, అంటే చువ్వలన్నీ కలిసే చక్రం మధ్య భాగానికి, మర మీద బిగుస్తుంది, మనం తొక్కే ప్రతి తొక్కుడికీ ఇంకొంచెం బిగుస్తూనే ఉంటుంది. పైగా ఫ్రీవీల్ ఉక్కు, హబ్ అల్యూమినియం, మధ్యలోకి మన ఉప్పు గాలి తడి చేరితే రెండూ ఒకదాన్నొకటి కరిచి పట్టేసుకుంటాయి. సముద్రం వైపు ఫ్లాట్లలో కిటికీ గ్రిల్స్ గతి తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రాత్రి తుప్పు పట్టినవి వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి వదిలేసి పొద్దున్నే పెద్ద స్పానర్‌తో ప్రయత్నిస్తే ఇంచు కదల్లేదు, ఇంకా లాగితే రిమూవర్ గాడి జారి పళ్లు చితికిపోతాయని ఆపేసి చక్రం పట్టుకుని కంచరపాలెం మెట్టు దగ్గర ఒక వెల్డింగ్ షాపుకి పోయాను, అక్కడ పెద్ద బెంచ్ వైస్ (బల్లకి బిగించి వస్తువుల్ని కదలకుండా పట్టే పట్టు) ఉంది.

రిమూవర్‌ని గాడిలో పూర్తిగా దించి, క్విక్ రిలీజ్ రాడ్డు (చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే, లీవరు ఉన్న కడ్డీ) స్ప్రింగు తీసేసి దాని నట్టుతో రిమూవర్‌ని చక్రానికి బిగించాలి, ఇది చేస్తే ఎంత బలం పెట్టినా టూల్ జారదు. తర్వాత పళ్లు కిందకి వచ్చేలా చక్రాన్ని బోర్లించి రిమూవర్‌ని వైస్‌లో పట్టించి, టైరుని రెండు చేతులతో పట్టుకుని లారీ స్టీరింగ్ తిప్పినట్టు ఎడమ పక్కకి తిప్పాలి. షాపాయన చూసి చూసి "ఏటండి బాబూ, కొన్నకాడ్నించి దీన్ని ఇప్పనేదేటి?" అని నవ్వి రెండో పక్క ఆయనా పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి ఒక్క ఊపు ఊపితే కిర్రుమని పెద్ద చప్పుడొచ్చింది, చువ్వలు తెగాయేమో అని నేను హడలిపోయాను, తీరా చూస్తే మర వదిలింది. వదలగానే క్విక్ రిలీజ్ నట్టు లూజు చెయ్యడం మర్చిపోకూడదు, ఫ్రీవీల్ బయటికి వస్తూ దాన్ని గట్టిగా నెడుతుంది కాబట్టి రాడ్డు పాడవుతుంది. డబ్బులిస్తే తీసుకోలేదాయన, టీ తాగించాను.

కింద మర నిండా తెల్ల పొడి, ఉప్పు చేసిన పనే అది. పాత టూత్ బ్రష్షు, కిరసనాయిలు పెట్టి ప్రతి గాడీ శుభ్రం చేసి గ్రీజు బాగా పూశాను, ఈ గ్రీజు ఒక్కటి పొదుపు చేస్తే వచ్చేసారి వైస్ కూడా కాపాడదు. కొత్త ఫ్రీవీల్ బిగించేటప్పుడు మర చాలా సన్నం, అంగుళానికి 24 చుట్లు, వంకరగా ఎక్కిందంటే అల్యూమినియం హబ్ గోవిందా. అందుకని ముందు కొంచెం వెనక్కి తిప్పితే మర మొదలు దగ్గర చిన్నగా టక్ మని దిగుతుంది, అక్కడి నుంచి చేత్తోనే ముందుకి తిప్పుతూ పోవాలి, స్పానర్ ముట్టుకోవద్దు. ఆఖరి బిగింపు మనం తొక్కుతుంటే అదే అవుతుంది. చైను కొత్తదే కదా, అదే ఉంచేశాను. మళ్లీ తెన్నేటి పార్క్ దగ్గర లేచి తొక్కితే ఒక్క పన్ను కూడా జారలేదు.

ఇప్పుడు రుషికొండ వైపు పోయొచ్చిన ప్రతిసారీ చైనుని పొడిగుడ్డతో పట్టి పెడల్ వెనక్కి తిప్పుతూ తుడిచేస్తున్నాను, తర్వాత ఒక్కో రోలర్‌కి ఒక్కో చుక్క ఆయిలు, కాసేపాగి పైన మిగిలిందంతా మళ్లీ తుడిచెయ్యడమే. చైనుకి ఆయిలు లోపల కావాలి, పైన ఉంటే బీచ్ ఇసుకంతా దానికే అంటుకుని పళ్లని సానబెట్టినట్టు అరగదీస్తుంది, అందుకే వాడేసిన బండి ఇంజన్ ఆయిలు పోసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్రీవీల్ లోపలికి మాత్రం కిరసనాయిలు పోనివ్వను, అందులో బేరింగులకున్న గ్రీజు కరిగిపోతుంది. స్కేలు సైకిల్ పక్కనే మేకుకి తగిలించి పెట్టుకున్నాను, 1/16 దగ్గర చైను మార్చేస్తే ఒక ఫ్రీవీల్ మీద రెండు మూడు చైన్లు నడుస్తాయి, చైను ఖరీదు ఫ్రీవీల్ కన్నా, ఆ వైస్ తంటా కన్నా ఎంతో తక్కువ.